గుంపుకు గుంపు జవాబు కాదు



మన పొరుగు రాష్ట్రం ఒడిశాలో, కెందుఝర్ జిల్లాలో మనోహర్‌పూర్ అనే సంతాలుల పల్లె ఉంది. 1999 జనవరి 22 రాత్రి ఆ పల్లెలో చిన్న చర్చి దగ్గర ఒక జీపు ఆగి ఉంది. ఎముకలు కొరికే చలి. జీపులో ముగ్గురు ముడుచుకుని నిద్రపోతున్నారు. ఒకరు గ్రాహం స్టెయిన్స్ అనే ఆస్ట్రేలియా దేశస్థుడు. మిగతా ఇద్దరూ ఆయన కొడుకులు. పెద్దవాడు ఫిలిప్‌కు పదేళ్లు, చిన్నవాడు తిమోతికి ఆరేళ్లు. అర్ధరాత్రి దాటాక నినాదాలు చేసుకుంటూ ఒక గుంపు వచ్చింది. జీపు అద్దాలు పగలగొట్టి, గడ్డి వేసి నిప్పంటించింది. కాపాడబోయిన ఊరివాళ్లను అడ్డుకుంది. తెల్లవారేసరికి మిగిలినవి కాలిపోయిన మూడు దేహాలు.

ఆ స్టెయిన్స్ ఎవరు? 1965లో, ఇరవై నాలుగేళ్ల వయసులో మన దేశానికి వచ్చిన మనిషి. మయూర్‌భంజ్ జిల్లా బారిపదాలో కుష్ఠురోగుల ఆశ్రమాన్ని నడిపాడు. ఒడియా ఆ ఊరివాళ్లలాగే మాట్లాడేవాడు. అయినవాళ్లే గడప తొక్కనివ్వని రోగులకు ఆ ఆశ్రమం నీడనిచ్చింది, కట్టు కట్టింది. వేళ్లు మొద్దుబారిన చేతులకు సబాయి గడ్డితో తాళ్లు పేనడం, బుట్టలు అల్లడం నేర్పింది.

ఇవేవీ ఆ రాత్రి వచ్చిన గుంపుకు కనబడలేదు. వాళ్లకు కనబడింది ఒక మతం, ఒక ముద్ర, ఒక శత్రువర్గం. ఆరేళ్ల పసివాడు కూడా వాళ్ల లెక్కలో శత్రువర్గమే. ఉన్మాదం ఏ జెండా పట్టుకున్నా, ఏ దేవుడి పేరు చెప్పినా చేసే మొదటి పని ఇదే. మనిషి ముఖాన్ని చెరిపేసి, ఆ చోట ఒక గుంపును నిలబెడుతుంది. ముఖం చెరిగిపోయాక నిప్పు పెట్టడానికి చెయ్యి వణకదు.

అలాంటి ఉన్మాదానికి క్రైస్తవుడు ఏమని జవాబు చెప్పాలి? నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. గుంపుకు గుంపుతో జవాబు చెప్పకూడదు. ఎదుటివాడు మన ముఖం చెరిపేసినా మనం వాడి ముఖం చెరపకూడదు. వినడానికి ఇది ఆదివారం ప్రసంగంలాగే ఉంటుంది. ఆచరణలో ఎంత కష్టమో, ఎంత పని చేస్తుందో చెప్పడానికే ఈ కాస్త సమయం తీసుకుంటున్నాను.

గ్రాహం భార్య గ్లాడిస్ స్టెయిన్స్ నర్సు. ఒక్క రాత్రిలో భర్తను, ఇద్దరు కొడుకులను పోగొట్టుకుంది. ఆమెకు మిగిలింది పదమూడేళ్ల కూతురు ఎస్తేరు. హంతకుల మీద తనకు ద్వేషం లేదని, వాళ్లను క్షమించానని ఆమె బహిరంగంగా ప్రకటించింది. దేశమంతా విస్తుపోయింది. హత్యలపై విచారణకు వేసిన వాధ్వా కమిషన్ ముందు దాఖలు చేసిన ప్రమాణపత్రంలో ఆమె ఇంకో సంగతి కూడా దాచకుండా రాసింది. తన భర్తను ఎందుకు చంపారో, వాళ్లంత క్రూరంగా ఎలా ప్రవర్తించగలిగారో తనకు అప్పుడప్పుడూ అంతుపట్టదని ఒప్పుకుంది. వాళ్లను శిక్షించాలన్న ఆలోచన తన మనసులో లేదని, వాళ్లు పశ్చాత్తాపపడి మారితే చాలునని రాసింది. బాధ లేనట్టు నటించలేదు. ప్రశ్న లేనట్టూ నటించలేదు.

ఆ తర్వాత ఆమె ఏం చేసింది? పెట్టె సర్దుకుని స్వదేశం వెళ్లిపోయినా ఎవరూ తప్పు పట్టేవారు కాదు. ఆమె బారిపదాలోనే ఉండిపోయింది. ఆశ్రమం మూతపడలేదు. 2004లో భర్త పేరిట అక్కడ ఆసుపత్రి కూడా వచ్చింది. కూతురి చదువు కోసం ఆ ఏడాది ఆస్ట్రేలియా వెళ్లింది. 2005లో భారత ప్రభుత్వం ఆమెకు పద్మశ్రీ ఇచ్చింది. తన కుటుంబాన్ని తగలబెట్టిన గుంపుకు, తన చేతి కట్టు కోసం ఎదురుచూసే రోగికి మధ్య తేడా ఆమెకు ఎప్పుడూ మసకబారలేదు. ఒడిశా ప్రజలంటే ఆమె దృష్టిలో ఆ రాత్రి వచ్చిన గుంపు కాదు. తెల్లవారగానే గాయాలు కడిగించుకోవడానికి వచ్చి కూర్చునే మనుషులు.

ఇక్కడ ఒక అనుమానం వస్తుంది. మన సంఘాల్లో చాలామందిని తొలిచేది ఇదే. క్షమించాక ఇక కేసులు, కోర్టులు ఎందుకు? లేదా కోర్టుకు వెళ్లాక ఇక క్షమించడం ఏమిటి? గ్లాడిస్ ఈ రెండింటినీ కలగాపులగం చేయలేదు. క్షమ తన హృదయానికి సంబంధించిన సంగతి, నేరానికి ఫలితం చట్టం చూసుకోవలసిన సంగతి అని తేల్చి చెప్పింది.

ఆ చట్టం ఎలా నడిచిందో కూడా చూద్దాం. 2003 సెప్టెంబరులో సీబీఐ ప్రత్యేక కోర్టు ప్రధాన నిందితుడు దారా సింగ్‌కు మరణశిక్ష, మరో పన్నెండు మందికి యావజ్జీవం వేసింది. 2005లో ఒరిస్సా హైకోర్టు దారా సింగ్ శిక్షను యావజ్జీవానికి తగ్గించింది. మహేంద్ర హెంబ్రం అనే మరొకరి యావజ్జీవాన్ని ఖాయం చేసి, మిగతా పదకొండు మందిని సరైన సాక్ష్యం లేదని విడిచిపెట్టింది. 2011 జనవరి 21న సుప్రీంకోర్టు ఆ తీర్పునే ఖాయం చేసింది. అంతమంది బయటికి రావడం అప్పట్లో చాలామందికి మింగుడుపడలేదు. కానీ గుంపుకూ న్యాయస్థానానికీ ఉన్న తేడా అదే. గుంపు సాక్ష్యం అడగదు. నువ్వు ఏ వర్గం అని మాత్రమే అడుగుతుంది. న్యాయస్థానం నీ పేరేమిటి, ఆ రాత్రి నువ్వేం చేశావు అని ఒక్కొక్కరినీ విడివిడిగా అడుగుతుంది. ఋజువు లేకపోతే వదిలేస్తుంది. అందుకే చట్టాన్ని ఆశ్రయించడం క్షమకు విరుద్ధం కాదు. మనిషిని మనిషిగా చూడటానికి సమాజం కట్టుకున్న ఏర్పాటు అది.

2011 నాటి ఆ సుప్రీంకోర్టు తీర్పులో, స్టెయిన్స్ మతకార్యకలాపాల విషయంలో ఆయనకు గుణపాఠం చెప్పాలన్న ఉద్దేశంతో నేరం జరిగిందనే అర్థం వచ్చే వ్యాఖ్య ఒకటి ఉంది. దాని మీద పత్రికల్లో, పౌరసమాజంలో గట్టి అభ్యంతరం వచ్చింది. నాలుగు రోజులు తిరక్కుండానే, జనవరి 25న, సుప్రీంకోర్టు తానే ఆ వ్యాఖ్యను తొలగించింది. ఎవరూ రాయి విసరలేదు, బస్సు తగలబెట్టలేదు. నోరు విప్పి, కలం పట్టి అభ్యంతరం చెప్పారు. దేశపు అత్యున్నత న్యాయస్థానం విన్నది.

క్షమ, చట్టం పక్కపక్కన నడవడం బైబిలు చదివేవారికి కొత్త సంగతి కాదు. అపొస్తలుల కార్యముల గ్రంథం పదహారో అధ్యాయంలో ఫిలిప్పీ పట్టణం ఉంది. అక్కడ పౌలు, సీలల మీదికి జనం మూకుమ్మడిగా లేచారు. అధికారులు విచారణ లేకుండానే బట్టలు లాగేయించి బెత్తాలతో కొట్టించి జైల్లో వేశారు. రాత్రి భూకంపానికి తలుపులు తెరుచుకున్నాయి. ఖైదీలు పారిపోయారనుకుని జైలు అధికారి కత్తి దూసి చావబోతే, మేమంతా ఇక్కడే ఉన్నామని కేకేసి ఆపినవాడు పౌలే. అది దయ. తెల్లవారాక అధికారులు, గొడవ లేకుండా వెళ్లిపొమ్మని కబురంపారు. పౌలు కదల్లేదు. మేము రోమా పౌరులం, విచారణ లేకుండా బాహాటంగా కొట్టించి ఇప్పుడు చాటుగా పంపేస్తారా, వాళ్లనే రమ్మనండి అన్నాడు. అధికారులు భయపడి వచ్చి బతిమాలుకున్నారు. అది చట్టం. రాత్రి దయ చూపిన నోరే పొద్దున్నే హక్కు అడిగింది. ఆ పౌలును ఆదర్శమని చెప్పుకునే మనం ఎఫ్‌ఐఆర్ నమోదు చేయించడానికి స్టేషన్ మెట్లెక్కాలంటే అవిశ్వాసమేమో అని వెనకాడటం వింతగా ఉంటుంది.

2008లో ఒడిశా కంధమాల్ జిల్లా సంగతి మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆగస్టు 23న హిందూ మతనాయకుడు స్వామి లక్ష్మణానంద సరస్వతి హత్య జరిగింది. ఆ హత్య తమ పనేనని మావోయిస్టులు ప్రకటించుకున్నా, గుంపుల కోపం క్రైస్తవ పల్లెల మీద పడింది. వారాల తరబడి ఇళ్లు, చర్చిలు తగలబడ్డాయి. వేల కుటుంబాలు అడవులు పట్టి, తర్వాత శిబిరాలకు చేరాయి. అప్పటి కటక్-భువనేశ్వర్ ఆర్చిబిషప్ రఫాయేల్ చీనత్ సుప్రీంకోర్టు తలుపు తట్టారు. ఎనిమిదేళ్లు పట్టింది. 2016 ఆగస్టు 2న కోర్టు బాధితులకు పరిహారం పెంచింది. నమోదైన 827 కేసుల్లో 315 కేసులను పోలీసులు ఛార్జిషీటు లేకుండానే మూసేశారని గమనించి, వాటిని మళ్లీ పరిశీలించమంది. తీర్పు వచ్చిన పన్నెండు రోజులకు ఆ పెద్దాయన కన్నుమూశారు. ఈ దారి అంత నిదానంగా నడుస్తుంది. అయినా మన దారి ఇదే.

ఇంతవరకూ ఇతరుల ఉన్మాదం గురించి చెప్పుకున్నాం. ఇక మన ఇంటి సంగతి చూడాలి. క్రైస్తవుడు ఉన్మాదానికి బలైన కథలు మన సంఘాల్లో గట్టిగానే చెప్పుకుంటాం. క్రైస్తవుడే ఉన్మాదిగా మారిన కథలు వచ్చేసరికి గొంతు తగ్గుతుంది.

2015 జూన్ 17, బుధవారం సాయంత్రం. అమెరికాలో దక్షిణ కరోలినా రాష్ట్రం, చార్లెస్టన్ నగరం. నల్లజాతివారి చరిత్రాత్మకమైన ఎమ్మానుయేలు చర్చిలో బైబిలు అధ్యయనం జరుగుతోంది. ఇరవై ఒక్క ఏళ్ల తెల్లకుర్రాడు ఒకడు వచ్చాడు. ఎవరని అడగకుండా కుర్చీ ఇచ్చి, చేతికి వాక్యభాగం కాగితం ఇచ్చి కూర్చోబెట్టారు. దాదాపు గంటసేపు వాళ్లతోనే కూర్చున్నాడు. ముగింపు ప్రార్థనకు కళ్లు మూసుకున్నప్పుడు తుపాకీ తీశాడు. పాస్టరుతో సహా తొమ్మిది మంది చనిపోయారు. నల్లవాళ్లంటే కడుపునిండా విషం నింపుకున్న ఆ కుర్రాడు ఎవరో కాదు, ఒక లూథరన్ సంఘంలో బాప్తిస్మం పొంది పెరిగినవాడు. చనిపోయినవారిలో ఇద్దరు దైవసేవకులు చదువుకున్నది కూడా లూథరన్ సెమినరీలోనే. చంపినవాడూ, చనిపోయినవారిలో ఇద్దరూ ఒకే ఇంటి గడప తొక్కినవాళ్లు.

ఈ మాట గుంటూరు, పల్నాడు ప్రాంతాల శ్రోతలకు దగ్గరగా తగలాలి. 1842లో గుంటూరు వచ్చి మన ఆంధ్ర లూథరన్ సంఘానికి పునాది వేసిన ఫాదర్ హయ్యర్ అమెరికా లూథరన్ సంఘం పంపిన మనిషే. ఆ వంశంలోని సంఘమే ఈ కుర్రాడిని పెంచింది. మాకు వాడితో సంబంధం లేదని ఆ సంఘం చేతులు దులిపేసుకోలేదు. వాడు మా బిడ్డే అని దాని అధ్యక్ష బిషప్ బాహాటంగా ఒప్పుకుంది. 2019లో జరిగిన మహాసభలో ఏటా జూన్ 17ను ఆ తొమ్మిదిమంది స్మరణ దినంగా, పశ్చాత్తాప దినంగా పాటించాలని తీర్మానించారు. ఉన్మాదానికి క్రైస్తవ జవాబు అంటే అదీ. ముందు మన ఇంట్లో వాడు ఎలా తయారయ్యాడని అడగడం.

కాల్పులు జరిగిన రెండు రోజులకు కోర్టులో, చనిపోయినవారి బంధువులు కొందరు ఆ కుర్రాడి మొహం చూసి క్షమించామని చెప్పారు. ప్రపంచమంతా ఆ మాటలు విన్నది. ఆ కుటుంబాల్లోనే క్షమించలేకపోతున్నామని చెప్పినవాళ్లూ ఉన్నారు. పాస్టరు గార్లూ, సంఘ పెద్దలూ ఈ రెండో సంగతి కూడా గుర్తుపెట్టుకోవాలి. దెబ్బ తిన్నవాడి ఇంటికి వెళ్లి, క్షమించు అని ఒత్తిడి పెట్టే హక్కు ఎవరికీ లేదు. క్షమ బాధితుడు ఇచ్చేది. చుట్టూ ఉన్నవాళ్లు వసూలు చేసేది కాదు. చుట్టూ ఉన్నవాళ్ల పని ఆసుపత్రి ఖర్చు చూడటం, కోర్టు వాయిదాకు తోడు వెళ్లడం, పిల్లల ఫీజు కట్టడం.

మన లోపలి ఉన్మాదం ఎలా కరుగుతుంది? నైజీరియాలోని కడునా నగరంలో జేమ్స్ వుయే అనే పాస్టరు ఉన్నాడు. యువకుడిగా ఉన్నప్పుడు ఆయన ప్రార్థన కూటాలతో పాటు, ముస్లింలతో తలపడే క్రైస్తవ యువకుల దళాన్ని కూడా నడిపాడు. 1992 అల్లర్లలో కుడిచేయి పోగొట్టుకున్నాడు. అదే నగరంలో ముహమ్మద్ అషాఫా అనే ఇమాం అవతలి దళానికి నాయకుడు. ఆ అల్లర్లలోనే ఆయన తన గురువును, ఇద్దరు దగ్గరి బంధువులను పోగొట్టుకున్నాడు. ఒకరినొకరు చంపుకోవాలని కసిమీదున్న ఇద్దరినీ 1995లో ఒక జర్నలిస్టు ఒక సభలో పక్కపక్కన నిలబెట్టి, మీరిద్దరూ తలుచుకుంటే ఈ ఊరు నిలబడుతుంది అన్నాడు.

ముందు మెత్తబడింది ఇమాం. మసీదులో క్షమ గురించి విన్న ప్రసంగం ఆయన్ని కదిలించింది. పాస్టరు తల్లి జబ్బుపడితే పలకరించడానికి వెళ్లాడు. పాస్టరు మాత్రం ఏళ్ల తరబడి లోపల మండుతూనే ఉన్నాడు. ఇద్దరూ కలిసి ప్రయాణం చేసి ఒకే గదిలో పడుకున్న రోజుల్లో, పక్క మంచం మీద నిద్రపోతున్న ఆయన ముఖం మీద దిండు అదిమి చంపేయాలన్న ఆలోచన వచ్చేదని తర్వాత తానే చెప్పుకున్నాడు. అంత ద్వేషం పెట్టుకుని క్రీస్తును ప్రకటించలేవు అని ఒక బోధకుడు అన్న మాటతో ఆయన మారాడు. ఇద్దరూ కలిసి నడిపిన శాంతి కేంద్రం కడునాలో, పక్క రాష్ట్రాల్లో కొట్టుకుంటున్న ఊళ్ల మధ్య రాజీలు కుదిర్చింది. పాస్టరు క్రైస్తవుడిగానే ఉన్నాడు, ఇమాం ముస్లింగానే ఉన్నాడు. ఎవరూ తమ విశ్వాసాన్ని నీళ్లు కలిపి పలచన చేసుకోలేదు.

యేసు శిష్యులకు కూడా ఈ తెగులు ఒకసారి సోకింది. సమరయ గ్రామం ఒకటి తమ గురువును రానివ్వలేదని యాకోబు, యోహాను ఆకాశం నుంచి అగ్ని కురిపించి ఊరిని కాల్చేద్దామా అని అడిగారు. యేసు మందలించింది ఆ ఊరివాళ్లను కాదు, తన శిష్యులను. తర్వాత మారుమాట లేకుండా ఇంకో ఊరికి నడిచాడు. లూకా సువార్తలో ఇది తొమ్మిదో అధ్యాయం. ఒక్క అధ్యాయం తిప్పితే, దెబ్బలు తిని దారిలో పడి ఉన్నవాడిని ఎత్తుకుని సత్రానికి చేర్చిన మంచివాడి కథ చెబుతాడు. ఆ మంచివాడిది ఏ జాతి? సమరయ జాతే. శిష్యులు కాల్చేద్దామన్న జనం నుంచే ఆయన తన కథకు నాయకుణ్ణి ఎంచుకున్నాడు.

ఆ కథ మన కాలంలోనూ జరిగింది. కెన్యా ఈశాన్య సరిహద్దులో మాండెరా అనే ప్రాంతం ఉంది. 2014 నవంబరులో అక్కడ అల్-షబాబ్ ముష్కరులు ఒక బస్సును ఆపి, ముస్లింలు కానివారిని వేరుచేసి 28 మందిని చంపారు. ఏడాది తిరిగాక, 2015 డిసెంబరు 21న మరో బస్సును ఆపారు. మళ్లీ అదే ఆజ్ఞ. ముస్లింలు ఒకవైపు, క్రైస్తవులు ఒకవైపు విడిపొమ్మన్నారు. ఈసారి ముస్లిం ప్రయాణికులు కదల్లేదు. తమ తలగుడ్డలు తీసి క్రైస్తవ స్త్రీలకు కప్పారు. చంపితే అందరినీ చంపండి, లేదా అందరినీ వదలండి అన్నారు. బస్సు బయటపడింది. ఆ రోజు తూటా తగిలిన సలా ఫరా అనే ముస్లిం ఉపాధ్యాయుడు తర్వాతి నెలలో ఆసుపత్రిలో చనిపోయాడు. క్రైస్తవుల కోసం ప్రాణమిచ్చిన ఆ ఉపాధ్యాయుడి పేరు మన సండే స్కూలు పిల్లలకు తెలియాలి. తీవ్రవాదం మొదటి ఆజ్ఞ విడిపోండి అన్నది. దాన్ని పాటించకపోవడమే దానికి మొదటి ఓటమి.

శ్రీలంకలో 2019 ఏప్రిల్ 21, ఈస్టర్ ఆదివారం నాడు చర్చిలలో, హోటళ్లలో బాంబులు పేలి 260 మందికి పైగా చనిపోయారు. నెగొంబోలో ఒక్క సెబాస్టియన్ గుడిలోనే వందమందికి పైగా పోయారు. ప్రతీకారం తీర్చుకోవాలన్న ఆవేశం పొంగుతున్న ఆ రోజుల్లో కార్డినల్ మాల్కం రంజిత్ ముస్లింల మీద ఎవరూ చెయ్యెత్తవద్దని పదేపదే వేడుకున్నారు. ఆ తర్వాత అదే కార్డినల్, హెచ్చరికలు అందినా పట్టించుకోని పాలకులను ఏళ్లపాటు నిలదీశారు. 2023 జనవరిలో శ్రీలంక సుప్రీంకోర్టు, దాడులను ఆపడంలో విఫలమైనందుకు మాజీ అధ్యక్షుడు సిరిసేనను పది కోట్ల శ్రీలంక రూపాయల పరిహారం కట్టమంది. పొరుగువాడిని కాపాడటం, పాలకుడిని నిలదీయడం రెండూ ఒకే నోటితో చేయవచ్చని ఇక్కడా తేలింది.

మరి మన ఊళ్లో, మన సంఘంలో చేయవలసిందేమిటి? కొన్ని సంగతులు సూటిగా చెబుతాను.

మొదటిది వేదిక మీద మాట. కన్వెన్షన్‌లో మైకు పట్టుకోగానే పొరుగువాడి దేవుణ్ణి, పండుగను వెక్కిరించి చప్పట్లు కొట్టించుకునే బోధకులు మనలోనూ ఉన్నారు. వాళ్లను మళ్లీ పిలవకండి. మన విశ్వాసానికి హేతువు అడిగినవారికి సాత్వికంతో, గౌరవంతో జవాబు చెప్పమని అపొస్తలుడైన పేతురు నేర్పాడు. సువార్త చెప్పుకునే హక్కు రాజ్యాంగం 25వ అధికరణం మనకు ఇచ్చింది. ఎగతాళి చేసే పని సువార్తది కాదు.

రెండోది చేతిలోని ఫోను. చర్చి మీద దాడి అంటూ వచ్చే ప్రతి వీడియో ఈ ఊరిది కాకపోవచ్చు, ఈ ఏడాదిది కాకపోవచ్చు. ఎక్కడిదో, ఎప్పటిదో తెలియకుండా సంఘం గ్రూపులో పెట్టినవాడు తెలియకుండానే గుంపును తయారుచేస్తున్నాడు. ఒక వర్గమంతా ఇంతే అనే మాట ఏ విశ్వాసి నోట వచ్చినా అక్కడే ఆపాలి. యవ్వనస్థుల కూటాల్లో ఈ సంగతి వాక్యం చెప్పినంత శ్రద్ధగా చెప్పాలి.

మూడోది, దాడి జరిగితే చేయవలసిన పని. ఫొటోలు, తేదీ, సమయం, చూసినవాళ్ల పేర్లు రాసి పెట్టుకోండి. ఫిర్యాదు రాతపూర్వకంగా ఇచ్చి ఎఫ్‌ఐఆర్ కాపీ అడిగి తీసుకోండి. తమ పరిధి కాదంటే జీరో ఎఫ్‌ఐఆర్ నమోదు చేయమని అడగండి. ఏ స్టేషన్‌లోనైనా నమోదు చేయాలి. జిల్లా న్యాయసేవాధికార సంస్థ స్త్రీలకు, పేదలకు, కులదాడుల బాధితులకు ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది. ప్రతి సంఘంలో ఈ వివరాలు తెలిసిన ఇద్దరు ముగ్గురు ఉండాలి. ఫిర్యాదులో ఎవరు చేశారో వాళ్ల పేర్లే రాయండి. చేయనివాడి పేరు కసితో ఇరికిస్తే మనమూ ఆ గుంపులో చేరినట్టే.

నాలుగోది, అన్నిటికన్నా ముఖ్యమైనది. గొడవ రాకముందే పొరుగువాళ్లతో పొత్తు ఉండాలి. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో వందేళ్ల కిందట ఇసబెల్ కెర్ అనే మిషనరీ డాక్టరు కుష్ఠురోగులకు ఆసుపత్రి కట్టినప్పుడు, చేయి అందించిన దాతల్లో రాజా నర్సాగౌడ్ అనే హిందువు ముఖ్యుడు. రోగి ఏ మతమని ఆ డాక్టరు అడగలేదు, ఆసుపత్రి ఏ మతానిదని ఆ దాత అడగలేదు. తెలుగు నేల మీద అలాంటి పొత్తు కొత్తగా కనిపెట్టవలసింది కాదు. నిలబెట్టుకోవలసింది. పెళ్లికి, చావుకు, జాతరకు, వరదకు పక్కింటికి వెళ్లే అలవాటు ఉన్న ఊళ్లో గుంపు పుట్టడం కష్టం. పుట్టినా దాన్ని గుమ్మం దగ్గర ఆపేవాడు ఆ పక్కింటివాడే అవుతాడు.

ఒక్క మాటతో ముగిస్తాను. దమస్కులో అననీయ అనే సామాన్య విశ్వాసి ఉండేవాడు. విశ్వాసులను పట్టి బంధించడానికి అధికారపత్రాలతో బయలుదేరిన సౌలు దగ్గరికి వెళ్లమని అతనికి ఆజ్ఞ వచ్చింది. అననీయ భయపడ్డాడు. ఆ మనిషి ఎంత కీడు చేశాడో విన్నానని ప్రభువుతోనే వాదించాడు. చివరికి వెళ్లాడు, అతని మీద చేతులు ఉంచాడు, సోదరుడా అని పిలిచాడు. ఆ సౌలే మనం ఆదివారం చదువుకునే పత్రికలు రాసిన పౌలు. ప్రతి ఉన్మాదీ పౌలు అవుతాడని నేను హామీ ఇవ్వలేను. అననీయ వెళ్లకపోతే ఆ పౌలు సంఘానికి దక్కేవాడా అన్నది ఆలోచించండి.

అందుకే ఈ మాటలు వింటున్న క్రైస్తవ సోదరీ సోదరులను కోరేది ఇది. ఈ ఆదివారం ఆరాధన అయ్యాక, మీ సంఘంలో దెబ్బతిన్న కుటుంబం ఉంటే వాళ్ల కేసు ఎంతవరకు వచ్చిందో కనుక్కోండి. వచ్చే వాయిదాకు ఇద్దరు తోడు వెళ్లండి. ఈ నెలలోనే మీ వీధిలో వేరే మతం వారి ఇంటికి వెళ్లి, ఏ పనీ లేకపోయినా, కాసేపు కూర్చుని రండి.